కొత్తగా వచ్చినవాళ్లను మీ సంఘంలో ఎట్లా చేర్చుకుంటున్నారు? మా దగ్గర జరిగింది చెప్పి అడుగుతున్నాను

హన్మకొండ కోడలు (సోమవారం, రాత్రి 9:40)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. వచ్చే నెల నుంచి చర్చికి కొత్తగా వచ్చేవాళ్లను పలకరించే బాధ్యత నాకు అప్పగించారు మా సంఘ పెద్దలు. సంతోషంగా ఒప్పుకోవాల్సిన పనే. కానీ నాలుగు నెలల కింద జరిగింది గుర్తొచ్చి నిద్ర పట్టడం లేదు.

ఒక అమ్మాయి మూడు ఆదివారాలు వరుసగా వచ్చింది. ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. తలుపు పక్కన, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా కూర్చునేది. చివరి ప్రార్థనకు ఆమెన్ అనగానే లేచి వెళ్లిపోయేది. మూడో ఆదివారం ప్రకటనలప్పుడు "కొత్తవాళ్లు ఎవరైనా ఉంటే లేచి నిలబడండి" అన్నారు. ఆమె లేవలేదు. ముందు వరుసలో ఎవరో వెనక్కి తిరిగి చేయి చూపించారు. మైకు చేతికిచ్చారు. పేరు, ఊరు, ఎవరింటి అమ్మాయి, ప్రభువును ఎట్లా తెలుసుకుంది, అన్నీ అడిగారు. పేరు, ఊరు మాత్రం చెప్పింది. అది నర్సంపేట వైపు ఒక ఊరు. గొంతు వణికింది. యూట్యూబ్ లైవ్ నడుస్తోంది, కెమెరా ఆమె మీదే ఉంది. క్వైర్ స్వాగతం పాట పాడింది. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

మళ్లీ రాలేదు. మొన్న చౌరస్తాలో కూరగాయల దగ్గర కనిపించింది. ఆ వీడియో వాళ్ల మరిది ఫోన్లో చూశాడట. నాలుగు రోజులు ఇంట్లో గొడవ. పుట్టింటికి పంపేస్తామన్నారట. "మీరు ప్రేమతోనే చేసిన్రు అక్కా, నాకు కోపం లేదు" అంది. ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

మా సంఘం పేరు రాయను. ఎవరినో నిందించడానికి కాదు అడిగేది. మీ దగ్గర కొత్తవాళ్లు వస్తే ఏం చేస్తారు? మీరే కొత్తగా వెళ్లినప్పుడు ఏది మనసుకు తాకింది, ఏది గుచ్చుకుంది? దయచేసి రాయండి.

కాజీపేట జంక్షన్ (సోమవారం, రాత్రి 10:25)

అమ్మా వందనాలు. నేను రైల్వేలో పనిచేసి రిటైర్ అయ్యాను. 1981లో ఫైర్‌మన్‌గా కాజీపేటకు వచ్చినప్పుడు నాకు ఇక్కడ ఒక్క మనిషి తెలియదు. ఢిల్లీ, మద్రాసు లైను, హైదరాబాద్ లైను కలిసే చోటు కదా, క్వార్టర్లలో తమిళులు, మలయాళీలు, ఆంగ్లో ఇండియన్లు, మరాఠీవాళ్లు అందరూ ఉండేవారు. అందరం పరాయివాళ్లమే.

మొదటి ఆదివారం గుడిలో కూర్చున్నాను. పాట నంబరు చెప్పారు. నా దగ్గర పుస్తకం లేదు. పక్కన కూర్చున్న పెద్దాయన తన పుస్తకం నా ఒళ్లో పెట్టి, వేలితో పేజీ చూపించి, తాను కళ్లు మూసుకుని నోటికే పాడాడు. పేరు అడగలేదు. ఆరాధన అయ్యాక మాత్రం "పొద్దున ఏమైనా తిన్నవా బిడ్డా?" అని అడిగాడు. తినలేదని చెప్పాను. ఇంటికి తీసుకెళ్లాడు. వాళ్లావిడ జొన్న రొట్టె, వంకాయ కూర పెట్టింది. నా ఊరేదో, మా నాన్న ఏం చేస్తాడో అన్నీ తిన్న తర్వాతే అడిగారు.

ఆ సంఘంలోనే నా పెళ్లి అయింది, నా పిల్లలకు బాప్తిస్మం అయింది. ఆ రోజు నాతో నలుగురూ మాట్లాడారా లేదా నాకు గుర్తు లేదు. ఆ రొట్టె గుర్తుంది. మీరు అడిగిన దానికి నాకు తెలిసిన జవాబు ఇంతే.

పల్లె కాపరి (మంగళవారం, ఉదయం 6:05)

సిస్టర్ గారికి వందనాలు. ఆ అమ్మాయి కోసం ఈ ఉదయం ప్రార్థన చేశాను.

కానీ ఒక మాట. నిలబెట్టి పేరు పెట్టి పిలవడమే తప్పు అనుకోవద్దు. మాది పరకాల దగ్గర పల్లె. నలభై ఇళ్ల సంఘం. కొత్త మనిషి వస్తే పేరు పెట్టి పిలవకపోతే "నన్ను ఎవరూ లెక్కచేయలేదు" అని వెళ్లిపోతారు. కూలి పనికి పోతే పేరు లేదు, రేషన్ షాపు దగ్గర నంబరు. ఒక్క చోటైనా పదిమందిలో తన పేరు వినపడితే ఆ ముఖం వెలగడం నేను చూశాను. మా దగ్గర లైవ్ లేదు. ఎవరు చర్చికి వస్తున్నారో ఊరంతటికీ ముందే తెలుసు, దాచేదేమీ ఉండదు.

ఇంకో సంగతి. ఈ మధ్య కొత్త ముఖం కనిపిస్తే కాపరులకు, అంటే మా పాస్టర్లకు, టెన్షన్‌గానే ఉంటోంది. నిజంగా ప్రార్థనకు వచ్చారా, ఫోన్‌లో ఏదైనా తీసి గొడవ పెట్టడానికి వచ్చారా అని. అందుకే కొందరు ముందే వివరాలు అడుగుతున్నారు. ఆ భయం నాకూ ఉంది, ఒప్పుకుంటున్నాను.

చివరి బెంచీ (మంగళవారం, మధ్యాహ్నం 1:15)

నేను ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మీరు చెప్పే "కొత్తవాళ్ల"లో నేనూ ఒకదాన్ని. పుట్టింది హిందూ ఇంట్లో. మా ఇంట్లో ఇప్పటికీ అందరూ హిందువులే, నాతో మంచిగానే ఉంటారు. వరంగల్‌లో రెండేళ్లుగా ఒక చర్చికి వెళ్తున్నాను.

మొదటిరోజు ఏం తెలియలేదంటే చెప్పలేను. చెప్పులు ఎక్కడ విడవాలి, ఆడవాళ్లు ఎటువైపు కూర్చోవాలి, కొంగు తల మీద వేసుకోవాలా, ఎప్పుడు లేవాలి, ఎప్పుడు మోకరించాలి. అందరూ లేస్తే ఒక క్షణం ఆలస్యంగా లేచేదాన్ని. కానుక సంచి నా దగ్గరికి వచ్చినప్పుడు పర్సులో చూస్తే ఐదు వందల నోటు, బస్సుకు చిల్లర ఉన్నాయి. ఐదు వందలూ వేసేశాను. వేయకుండా పంపవచ్చని ఎవరూ చెప్పలేదు.

అవన్నీ చిన్నవి. గుచ్చుకున్నది వేరే. మూడో వారం ఒక పెద్దావిడ నా పక్కకు వచ్చి ప్రేమగా చేయి పట్టుకుని, తన చేతిరుమాలు ఇచ్చి "బొట్టు తుడుచుకో అమ్మా, ఇక్కడ వద్దు" అంది. తుడుచుకున్నాను. బస్సులో ఇంటికి పోతూ అద్దంలో చూసుకుంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నుదురు ఖాళీగా ఉంటే ఆమెకు ఏమనిపిస్తుందో నాకు తెలుసు. వీధి మలుపులో ఆగి, బ్యాగులోంచి స్టిక్కర్ తీసి పెట్టుకుని ఇంట్లోకి వెళ్లాను. ఆ తర్వాత ఏడాదిన్నర అట్లాగే చేశాను. చర్చి గేటు దగ్గర తీయడం, వీధి మలుపులో పెట్టుకోవడం.

సద్దుల బతుకమ్మ మరుసటి ఆదివారం ఇంకొకరు "బతుకమ్మ ఆడినవా?" అని అడిగారు. ఆడానని చెప్పాను. మా అత్తమ్మ, ఆడబిడ్డలతో కలిసి ఆడాను. వాళ్లు ముఖం తిప్పుకున్నారు.

నేను వాళ్లను తప్పుపట్టడం లేదు. మారాల్సినవి ఉంటే మారతాను, వాక్యం చదువుతున్నాను. కానీ యేసు ప్రభువు ఎవరో నాకు అర్థం కాకముందే బొట్టు గురించి మాట్లాడారు. మాటల వరుస అటూ ఇటూ అయిందనిపించింది.

గోదావరిఖని అక్క (మంగళవారం, మధ్యాహ్నం 2:02)

చెల్లీ, నీ పోస్టు డ్యూటీలో చదివి కన్నీళ్లు ఆగలేదు. నువ్వు రాసినందుకు దేవునికి స్తోత్రం. ఆ చేతిరుమాలు ఇచ్చిన పెద్దావిడ స్థానంలో నేనూ ఒకప్పుడు ఉన్నాను. నన్ను క్షమించు.

మానుకోట తమ్ముడు (మంగళవారం, రాత్రి 8:50)

పల్లె కాపరి అన్నా, మీ మాటలో నిజం ఉంది. కానీ "ఎవరింటి పిల్లవు, ఇంటిపేరేంటి" అనే ప్రశ్న మన దగ్గర ఉత్త పరిచయం కాదు. ఇంటిపేరు అడిగితే కులం అడిగినట్టే. మన పాత సంఘాలు ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాల నుంచి లేచినవి. ఆ గుడులే మన తాతలకు తలెత్తుకుని నడవడం నేర్పాయి, అందుకు గర్వపడతాను. కానీ ఇది మాలల చర్చి, అది మాదిగల చర్చి అని ఇప్పటికీ ఊళ్లో చెప్పుకుంటుంటే, మధ్యలో ఒక బీసీ కుటుంబమో, లంబాడి తండా నుంచి ఒక పిల్లాడో వస్తే ఎక్కడ కూర్చోవాలి? మన గుమ్మం దగ్గర మనం పడిన బాధ మనమే ఇంకొకరికి పెట్టకూడదు కదా.

కాగితాల సంగతి కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. బాప్తిస్మం తీసుకున్న ఎస్సీలు మన దగ్గర బీసీల్లో సీ గ్రూపు (బీసీ-సీ) కిందికి వస్తారు, దానికి రిజర్వేషన్ ఒక్క శాతం. కాబట్టి ఒక పిల్లవాడు మొదటి రోజే రిజిస్టర్లో పేరు రాయమంటే వెనకాడితే, విశ్వాసం లేదని అనుకోవద్దు. అతని చదువు, ఇంట్లో తమ్ముళ్ల చదువు కళ్ల ముందు కనపడుతుంటాయి.

మా డోర్నకల్ గురించి ఒకటి చెప్పాలి. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అజరయ్య గారు మనవాడు కాదు, తిరునెల్వేలి తమిళుడు. 1909లో మిషనరీగా నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్లదొరల ముందు నిలబడి, మీరు పేదలకు ఆస్తులు పంచారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. డోర్నకల్‌లో ఆయన కట్టించిన పెద్ద గుడి 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. చూసినవాళ్లకు తెలుసు, గుమ్మటాలు, మినార్లు, హిందూ గుడుల్లో ఉండేలాంటి స్తంభాలు అన్నీ ఒకే కట్టడంలో ఉంటాయి. మన నేల మీద ఎవరొచ్చినా ఇది పరాయి కట్టడం కాదు అనిపించేలా కట్టారు. ఆ గుడి చూస్తూ పెరిగినవాణ్ణి నేను. అజరయ్య గారు ఆ రోజు ఎడిన్‌బరోలో అడిగినదే ఆ నర్సు అక్క ఈరోజు మనల్ని అడుగుతున్నట్టుంది.

పల్లె కాపరి (మంగళవారం, రాత్రి 9:30)

తమ్ముడూ, ఇంటిపేరు సంగతి ఒప్పుకుంటున్నాను. నేను కూడా అలవాటుగా అడుగుతాను. ఇకమీద అడగను.

ఫాతిమానగర్ వాసి (బుధవారం, ఉదయం 7:20)

నేను కతోలికుణ్ణి. మా వరంగల్ మేత్రాసనం (బిషప్ పరిధి) 1952లో ఏర్పడింది. మా దగ్గర సమస్య దీనికి తలకిందులు. పూజకు ఎవరు వచ్చినా ఎవరూ అడగరు. మరియమ్మ దగ్గర కొవ్వొత్తి వెలిగించడానికి హిందువులు వస్తారు, నిలబడి దండం పెట్టుకుని పోతారు. బొట్టు సంగతి ఎవరూ ఎత్తరు. చివరి బెంచీ చెల్లి మా గుడికి వచ్చి ఉంటే ఆ బాధ ఉండేది కాదేమో. కానీ పన్నెండేళ్లు వచ్చినా పక్కవాళ్లకు ఆమె పేరు తెలియకుండా పోయే ప్రమాదం ఉంది. మా వీధిలోనే ఒకాయన అట్లా వస్తూ పోతూ ఉండి, ఆసుపత్రిలో నెల రోజులు పడి ఉంటే మా విచారణలో (మా గుడి పరిధిలో) ఎవరికీ తెలియలేదు. ఫాదర్‌కూ తెలియలేదు. అది నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఇంకొకటి, దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ప్రభువు శరీరంగా గురువు పంచే అప్పం. వరుసలో అందరితో పాటు కొత్త మనిషి లేచి ముందుకు వస్తాడు. గురువు దగ్గర ఆపి "మీరు కతోలికులేనా?" అని అడిగితే ఆ మనిషి మళ్లీ గుడి ముఖం చూస్తాడా? మీరు దాన్నే ప్రభువు బల్ల అంటారు కదా, ఆ సమయంలో ఏం చేస్తారు?

కాజీపేట జంక్షన్ (బుధవారం, ఉదయం 8:10)

మా దగ్గర ఆ ప్రశ్న చాలాసార్లు వచ్చింది. బాప్టిస్టు సంఘాల్లో ముంచుడు బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే రొట్టె, ద్రాక్షరసం. సీఎస్ఐలో (దక్షిణ ఇండియా సంఘంలో) కన్ఫర్మేషన్, అంటే తమ విశ్వాసాన్ని తామే అందరి ముందు ఒప్పుకునే ఆచారం, అయినవాళ్లకు. నియమం ఎవరిది వాళ్లది, దాన్ని మార్చమని నేను అనను. వరుస మొదలవకముందే ఒక మాట చెబితే చాలు: "బాప్తిస్మం తీసుకోని మా బంధువులు కూర్చున్నచోటే ప్రార్థనలో ఉండండి, మీ కోసం కూడా ప్రార్థిస్తాం." మా పాత అయ్యగారు ఎప్పుడూ "బంధువులు" అనేవారు, "సభ్యులు కానివారు" అనేవారు కాదు.

గోదావరిఖని అక్క (బుధవారం, సాయంత్రం 6:45)

బయటివాళ్లు అంటే మనందరం చర్చికి వచ్చేవాళ్ల గురించే మాట్లాడుతున్నాం. రాలేనివాళ్ల గురించి కూడా చెప్పాలి.

మా పెద్దపల్లి వైపు ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలు వస్తాయి. వానలు ఆగాక వచ్చి ఎండాకాలం చివర్లో పోతారు. ఊళ్లో అడ్వాన్సు తీసుకుని వస్తారు, వెయ్యి ఇటుకలకింత అని లెక్క. ఆదివారం సెలవు అన్న మాటే లేదు. వాళ్లలో క్రైస్తవులు ఉన్నారని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒక రాత్రి బట్టీ పక్క నుంచి పోతుంటే గుడిసెలో పాట వినిపించింది. భాష అర్థం కాలేదు, మధ్యలో "యీశు" అన్న మాట మాత్రం అర్థమైంది.

మొదటి ఏడాది మేం తప్పు చేశాం. క్రిస్మస్‌కు బియ్యం, దుప్పట్లు తీసుకుపోయి, వరుసలో నిలబెట్టి, బ్యానర్ పట్టుకుని ఫోటోలు తీసుకున్నాం. వాళ్లు తీసుకున్నారు, నవ్వారు. మళ్లీ వెళ్తే గుడిసెల్లోంచి ఎవరూ బయటకు రాలేదు. యజమాని కూడా అనుమానంగా చూశాడు. మా స్త్రీల మైత్రిలో (సంఘంలోని ఆడవాళ్ల బృందంలో) ఒక పెద్దమ్మ గట్టిగా మందలించింది. 1876-78 కరువులో ఒంగోలు దగ్గర అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాలువ తవ్వకం కాంట్రాక్టు పట్టి వేలమందికి పని ఇప్పించినా, కరువు పని సాగినన్నాళ్లు బాప్తిస్మాలు ఇవ్వలేదని చెప్పింది. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆపారట. ఆ తర్వాతే 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒకేరోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది. "ఆయన పట్టుకున్న ఓపిక మనకు ఒక్క ఫోటో దగ్గర లేకపోయింది" అంది.

ఇప్పుడు ముగ్గురం ఆడవాళ్లమే పోతాం, రాత్రి ఎనిమిది తర్వాత, ఇటుకలు కొట్టడం అయ్యాక. ఏమీ తీసుకుపోం. ఒక్కోసారి వాళ్లే మాకు అన్నం పెడతారు. ఫోన్లో ఒడియా బైబిల్ ఆడియో పెడితే ముసలివాళ్లు చుట్టూ చేరి వింటారు. తెలుగు పాట ఒకటి మేం, ఒడియా పాట ఒకటి వాళ్లు. పిల్లకు జ్వరం వస్తే ఏ ఆసుపత్రికి పోవాలో, చీటీ ఎక్కడ రాయిస్తారో తోడు వెళ్లి చూపిస్తాం. పోయినేడు వాళ్లు ఊరికి పోయేటప్పుడు ఒకామె నా చేతిలో చిన్న మూట పెట్టింది. వాళ్ల ఊరి ఇప్పపువ్వు. మేం వాళ్లను చేర్చుకోవాలని పోయాం, వాళ్లే మమ్మల్ని చేర్చుకున్నారు.

మానుకోట తమ్ముడు (బుధవారం, రాత్రి 7:30)

అక్కా, మా తండాల్లో కూడా ఇంతే. పాట లంబాడి భాషలో ఎత్తుకుంటే ముసలమ్మలు లేచి చప్పట్లు కొడతారు, తెలుగులో పాడితే మర్యాదకు కూర్చుంటారు.

ఎల్లమ్మగుట్ట బాట (గురువారం, రాత్రి 11:50)

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను.

మా కుటుంబం కరీంనగర్ దగ్గర ఒక సంఘానికి ఆరేళ్లు వెళ్లింది. నాన్న, అమ్మ, నేను. మేం వేరే సంఘం నుంచి కాదు, కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లం. మమ్మల్ని చాలా బాగా చూసుకున్నారు. పలకరింపులకు లోటు లేదు, కోత పండుగ వేలంలో మా అమ్మ తెచ్చిన గుమ్మడికాయను పోటీపడి పాడేవారు. మా ఇంట్లో గృహ కూడిక పెడితే ముప్పై మంది వచ్చేవారు.

నాన్న చనిపోయిన రోజు సమాధుల తోటలో చోటు అడిగాం. రిజిస్టర్ తీశారు. మా పేర్లు "హాజరయ్యేవారు" అన్న దగ్గర ఉన్నాయి, సభ్యత్వంలో లేవు. సభ్యత్వ చందా కట్టాలని మాకు ఆరేళ్లలో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు, నెలనెలా కానుక వేసేవాళ్లం, అదే అనుకున్నాం. కమిటీ కూర్చుంది. పెద్దలు చెడ్డవాళ్లు కాదు, చోటు తక్కువ, నియమం ఉంది, ఇంతకుముందు ఇంకెవరికో కాదన్నారట. ఇటు మా పెదనాన్నలు "మీ దేవుడి దగ్గరికే తీసుకుపో" అని మా కులం శ్మశానంలో వద్దన్నారు. పొద్దున ఏడింటికి పోయిన మనిషి సాయంత్రం ఐదు దాకా వాకిట్లో ఉన్నాడు. ఫ్రీజర్ పెట్టె కింద నీళ్లు కారుతుంటే మా అమ్మ తుడుస్తూ కూర్చుంది. చివరికి వేరే సంఘం పాస్టర్ గారు, మాకు ఏమాత్రం పరిచయం లేని ఆయన, తమ తోటలో చోటిచ్చారు.

అమ్మ ఇంకా ఆ పాత సంఘానికే పోతుంది. నేను పోలేకపోతున్నాను.

హన్మకొండ అక్కా, మీరు కొత్తవాళ్లను పలకరించే బాధ్యత తీసుకుంటున్నారు కదా. వాళ్లు నిలకడగా వస్తున్నారని అనిపించిన రోజు, పక్కన కూర్చోబెట్టుకుని సభ్యత్వం అంటే ఏమిటి, చందా ఎంత, పెళ్లికి ఏం కావాలి, చావుకు ఏం కావాలి అన్నీ విడమరిచి చెప్పండి. స్వాగతం పాట ఎవరైనా పాడతారు. ఇది ఎవరూ చెప్పరు.

కాజీపేట జంక్షన్ (శుక్రవారం, ఉదయం 5:40)

బిడ్డా, నీ పోస్టు చదివి మా ఇంట్లో అమ్మకు కూడా వినిపించాను. ఇద్దరం మీ అమ్మ కోసం ప్రార్థించాం. నేను మా పాస్టరేట్ కమిటీలో ఉన్నాను. మా రిజిస్టర్లో కూడా "హాజరయ్యేవారు" అని ఒక పేజీ ఉంది. ఆ పేజీలో ఎవరున్నారో నేను ఇంతవరకు చదవలేదు. ఈ ఆదివారం చదువుతాను, ఒక్కొక్క ఇంటికి పోతాను.

హన్మకొండ కోడలు (ఆదివారం, రాత్రి 8:15)

అందరికీ వందనాలు. ఇన్ని రోజులు జవాబు రాయలేదు, మీ పోస్టులు మాత్రం రెండేసి సార్లు చదివాను. తమ్ముడూ, నాన్నగారి గురించి రాసినందుకు ఏమని చెప్పాలో తెలియడం లేదు. అమ్మగారికి నా వందనాలు చెప్పండి.

శనివారం పెద్దల కూటంలో మూడు మాటలు అడిగాను. లైవ్‌లో కెమెరా వేదిక మీదే ఉండాలి, జనం మీదికి తిప్పవద్దు అన్నాను. వెంటనే ఒప్పుకున్నారు. కొత్తవాళ్లను నిలబెట్టవద్దు అన్నాను. దీని మీద గంట వాదన జరిగింది. ఇద్దరు పెద్దలు పల్లె కాపరి గారు చెప్పినట్టే చెప్పారు. చివరికి వాళ్లంతట వాళ్లు లేస్తేనే, ఇంటిపేరు అడగకుండా, మైకు లేకుండా అని తేలింది. మూడోది సమాధుల తోట నియమం. అది ఇంకా తేలలేదు. రాసి ఇవ్వమన్నారు, రాస్తున్నాను.

కాజీపేట బాబాయి గారూ, మా గుడిలో పాటల పుస్తకాలు మొత్తం పదకొండే ఉన్నాయి, అవీ ముందు బీరువాలో తాళం వేసి. ఆ తాళం ఈరోజు నుంచి నా దగ్గర ఉంది. పుస్తకాలు తలుపు పక్క బెంచీ మీద పెట్టాను.

ఆ నర్సు అమ్మాయికి ఫోన్ చేశాను. చర్చికి రమ్మని అడగలేదు, ఎట్లా ఉన్నావని మాత్రమే అడిగాను. ఆదివారాలు ఇప్పట్లో కుదరదంది. గురువారం నైట్ డ్యూటీ దిగాక పొద్దున్నే మా ఇంటికి వస్తానంది, ఇంట్లో కూడా చెప్పే వస్తుందట. ఫోన్ పెట్టేసే ముందు కాసేపు ఆగి, "అక్కా, బొట్టుతోనే వస్తా, ఏమనుకోరు కదా?" అంది. రొట్టె చేసి పెడతాను, తిన్నాక మాట్లాడుకుందాం, రమ్మన్నాను.